పేరు రాయొద్దన్న ఆ పెద్దాయనకి

నిన్న రాత్రి ఒంటిగంట దాటాక మా నాన్న కంప్యూటర్ మళ్లీ ఆన్ అయింది. నాలుగు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, కళ్లు మండుతున్నాయి. అయినా ఇప్పుడే రాసేస్తున్నాను. రేపు పనుల్లో పడితే ఇవన్నీ ఇంత స్పష్టంగా గుర్తుండవు.

నాన్న పోయి ఏడాది దాటింది. రిటైరయ్యాక ఆయన కూర్చుని టైప్ చేసుకున్న జ్ఞాపకాలన్నీ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. తీసిపెడదామని ఎన్నిసార్లు అనుకున్నానో. తీయలేదు, ఆ తప్పు నాదే. సోమవారం పొద్దున ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్ అని వచ్చింది, ఎఫ్1 నొక్కమంది. నొక్కాను. విండోస్ గుర్తు సగం వెలిగి, నీలం స్క్రీన్ ఒక్క క్షణం మెరిసి, మళ్లీ మొదటికొచ్చింది. స్టార్టప్ రిపేర్ చాలాసేపు తిరిగి తిరిగి చివరికి తన వల్ల కాదంది. తెలిసినవాళ్లు చెప్పిన, విండోస్ మొదలయ్యే భాగాన్ని బాగుచేసే బూట్‌రెక్ కమాండ్లు కొట్టి చూశాను, ఏ మార్పూ లేదు.

సీపీయూ మోసుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. కౌంటర్‌లో అబ్బాయి ఒకసారి ఆన్ చేసి చూసి, "ఫార్మాట్ కొట్టాలి మేడం, డేటాకి గ్యారంటీ లేదు" అని ఒక కాగితం ముందుకు తోశాడు, సంతకం కోసం. పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా.

పక్క కుర్చీలో తన ప్రింటర్ కోసం ఎదురుచూస్తున్న ఒక పెద్దాయన, "ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నారు. నీలం స్క్రీన్ ఫోటో తీశానా అని అడిగారు. ఫోన్‌లో వీడియో ఉంది, ఆపి చూపించాను. కోడ్ చివర్లో 7బి అని ఉంది. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నాకు అప్పుడు అర్థం కాలేదు: "ఈ మధ్య టైమ్ వెనక్కి పోతోందా?" అవును, రెండు నెలలుగా ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ నేనే సరిచేస్తున్నాను! ఆయన కాసేపు ఆలోచించి, "ఆ ఫైళ్లు ఎవరివమ్మా?" అన్నారు. మా నాన్నవి, ఆయన లేరు అన్నాను. "అయితే ముందు అవి బయటికి తీద్దాం. కంప్యూటర్ సంగతి తర్వాత." నంబర్ రాసిచ్చి, రాత్రి ఎప్పుడైనా చేయమన్నారు. సంతకం పెట్టకుండా సీపీయూ వెనక్కి తెచ్చుకున్నాను.

బుధవారం రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టాం. వీడియో కాల్‌లో ఆయన ఒక్కో మెట్టూ చెప్పడం, నేను చేయడం. పెన్‌డ్రైవ్‌లోకి విండోస్‌కి బదులు నడిచే లినక్స్ ఎక్కించాలంటే అందులో ఉన్నదంతా చెరిగిపోతుందట, అందుకని "దాంట్లో ఏమీ లేవు కదా, ఇంకోసారి చూడమ్మా" అని మూడుసార్లు అడిగారు. దాంతో కంప్యూటర్ ఆన్ చేశాక ఇన్‌స్టాల్ అనేది ముట్టుకోవద్దు, ఊరికే ట్రై చేసే ఆప్షన్ ఎంచుకో అన్నారు. అలా చేస్తే హార్డ్ డిస్క్ మీద దానంతట అది ఏమీ రాయదు. డిస్క్ ఆరోగ్యం చూపించే చోట పాడైన సెక్టార్లు (డేటా ఉండే చిన్న చిన్న భాగాలు), చదవడం కష్టమవుతున్న పెండింగ్ సెక్టార్లు రెండూ సున్నా అని ఉన్నాయి. అవి పెరిగి ఉంటే మాత్రం డిస్క్‌లో తప్పులు వెతికే చెక్‌డిస్క్ లాంటివి నడిపి దాన్ని ఇంకా అలసిపెట్టకూడదని, ముందు కాపీయేనని చెప్పారు.

నాన్న ఫోల్డర్ కనబడింది. ఆగలేక ఒక ఫైల్ తెరిచాను. తెలుగు లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు, ఏవో పిచ్చి గీతలు. అంతా పోయిందనుకున్నాను. అప్పటిదాకా పట్టుకున్న ఏడుపు ఆగలేదు. ఆయన నన్ను ఏడవనిచ్చారు, కాల్ పెట్టేయలేదు. తర్వాత నెమ్మదిగా, "పోలేదమ్మా. మీ నాన్నగారు అను ఫాంట్లలో టైప్ చేశారు. అవి ఎక్కడైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్ కాదు, ఆ ఫాంట్ లేనిచోట అక్షరాలు ఇలాగే కనిపిస్తాయి" అన్నారు. డాక్యుమెంట్లతో పాటు విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ కూడా కాపీ చేయించారు. ఫార్మాట్ కొట్టి ఉంటే ఆ ఫాంట్లూ పోయేవి. ఈ మాట నాకు ఇంకెవరు చెప్పేవారు?

నిన్న రాత్రి అసలు పని. ప్లగ్ తీసేసి, పక్క మూత విప్పి, మదర్‌బోర్డు మీదున్న బిళ్లంత బ్యాటరీని గోటితో క్లిప్ నొక్కి తీశాను. సీఆర్2032, మూడు వోల్టులది. టైమ్ వెనక్కి పోయిందీ, ఆ సీమాస్ ఎర్రర్ వచ్చిందీ అది అయిపోవడం వల్లే. దాంతో బయోస్, అంటే ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రాం, తన సెట్టింగులన్నీ మర్చిపోయింది, హార్డ్ డిస్క్‌తో మాట్లాడే సాటా మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈ అనే పాత పద్ధతికి మారిపోయింది. విండోస్‌కి తన డిస్కే అందలేదు, ఆ 7బికి అర్థం అదే. కొత్త బ్యాటరీ పెట్టి, తేదీ సరిచేసి, మోడ్ తిరిగి ఏహెచ్‌సీఐకి మార్చి సేవ్ చేశాను. నాన్న పెట్టుకున్న వాల్‌పేపర్ వచ్చింది.

ఫైల్ తెరిస్తే ఈసారి తెలుగే. "ఒక్క పేరా చదవమ్మా, వింటాను" అన్నారాయన. చదివాను. నాన్న మొదటిరోజు బడికి వెళ్లిన సంగతి. సార్, నాన్న రాసింది అలా కూర్చుని విన్న మొదటి మనిషి మీరే. డబ్బు మాట ఎత్తితే కోప్పడ్డారు, పేరు రాస్తే ఊరుకోనన్నారు. రాయడం లేదు. మీకు నా నమస్కారాలు.

మావారు, తమ్ముడు, పాప అందరూ తోడున్నారు, వాళ్లకీ థాంక్స్.

ఒక్క విషయం మాత్రం మింగుడు పడటం లేదు. సర్వీస్ సెంటర్‌లో ఆ అబ్బాయి మూత విప్పలేదు, ఎర్రర్ చదవలేదు, ఏమైందో ఒక్క ప్రశ్న అడగలేదు. నేరుగా ఫార్మాటే! పైగా డేటా పోతే మాకు సంబంధం లేదని ముందే సంతకం. విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరి 14తోనే ఆగిపోయింది, నాన్న కంప్యూటర్ పాతదే, ఒప్పుకుంటాను. పాతదైతే అందులో ఉన్నదానికి విలువ లేదా? నాలాగే పెన్ను పట్టుకుని, ఆపేవాళ్లు పక్కన లేక సంతకం పెట్టేసినవాళ్లు ఎంతమందో.

అయ్యో, పక్కింటి అక్కని మర్చిపోయాను. రాత్రి పదకొండింటికి తలుపు కొడితే, వాళ్లు బరువు చూసుకునే మెషీన్‌లోంచి బ్యాటరీ తీసి ఇచ్చింది. కాపీకి ఎక్స్‌టర్నల్ డిస్క్ ఇచ్చిన వాళ్లబ్బాయికి కూడా. ఆఫీసులో రెండు రోజులు నా పని చూసిన స్నేహితురాలికి, సారీ, నీ పేరు ముందే రావాల్సింది.

ఇంకా ఆ పెద్దాయన భార్యగారు. బుధవారం అర్ధరాత్రి కాపీ ఇంకా సగమే అయింది. సార్, మీరు పడుకోండి, రేపు చూద్దాం అన్నాను. ఆవిడ ఫోన్ అందుకుని, "అది పూర్తయ్యేదాకా ఆయన పడుకోరమ్మా. నేను టీ పెట్టాలే, మీరు కానివ్వండి" అన్నారు.