పార్కులోని బొగ్గింజన్ మరమ్మతు: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు నమస్కారం. మీ సొమ్ము ఎటు పోయిందో పైసాతో సహా చెప్పాల్సిన బాధ్యత కమిటీది.

జమ మొత్తం 2,81,700 రూపాయలు. బస్తీల్లో రసీదు పుస్తకాల మీద వచ్చింది 1,12,340. కాజీపేట లోకో షెడ్డులో, బండ్ల మీద పనిచేసి రిటైరైనవాళ్లు వేసుకున్నది 86,500. ఫోన్‌పేలో 64,210. పార్కు గేటు దగ్గరి డబ్బాలో 18,650. చాలావరకు పది రూపాయల బిళ్లలే, లెక్కపెట్టడానికి ఇద్దరికి ఒక పూట పట్టింది. రసీదుల్లో మూడు ఆకులు రాత తప్పి రద్దయ్యాయి. వాటిని చింపకుండా పుస్తకంలోనే ఉంచాం.

“రంగు వేయడానికి ఇంత ఖర్చా?” అని చాలామంది అడిగారు. రంగులకు, థిన్నరుకు, బ్రష్షులకు అయింది 41,350 మాత్రమే. ఎక్కువ డబ్బు కంటికి కనపడని చోట పెట్టాల్సి వచ్చింది. పొగగొట్టం కింద స్మోక్‌బాక్స్ ఉంటుంది. బొగ్గు కాలితే వచ్చే సన్న బూడిద అక్కడ చేరుతుంది. బండి నడిచినన్నాళ్లు దాన్ని షెడ్డులో ఎత్తిపోసేవాళ్లు. పార్కుకొచ్చాక ఆ పని చేసేవాళ్లు లేరు, పొగగొట్టానికి మూతా లేదు. ఏటా వాన నేరుగా లోపలికే. బొగ్గులో గంధకం ఉంటుంది కాబట్టి తడిసిన బూడిద ఇనుమును తినేస్తుంది. తలుపు తెరిచిన రోజు ఎనిమిది తట్టల నల్లబురద తీశాం. అడుగున స్క్రూడ్రైవర్ ఆనిస్తే అప్పడంలా విరిగి కింద నేల కనిపించింది. ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేసిన ఒక పెద్దాయన ఆ రంధ్రంలో వేలు పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. ఆ అడుగు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించడం, పొగగొట్టానికి మూత, క్యాబ్ మెట్లు కలిపి 78,400.

తుప్పు గోకిన నలుగురికి 18 రోజుల కూలి, రోజుకు 800 చొప్పున 57,600. పట్టాల కింద నీళ్లు నిలవకుండా కాలువ, కంకరకు 22,700. పరంజా కిరాయి 14,500. ట్రాలీ ఆటోలు 5,600. రసీదు పుస్తకాలు, ఫ్లెక్సీ 3,150. చాయ్, టిఫిన్లు సభ్యుల చేతి ఖర్చు.

గ్రీజు, డీజిల్, కాటన్ వేస్ట్‌కు 6,280. మనది బెంగాల్‌లోని చిత్తరంజన్ ఇంజన్ల కర్మాగారంలో 1950 నుంచి తయారైన డబ్ల్యూజీ రకం, గూడ్సు బండ్లు లాగే ఇంజన్. దాని ఎనిమిది పెద్ద చక్రాలను కలిపే రాడ్లకు వెండిరంగు వేయమని కొందరన్నారు. మేం వేయలేదు. డ్యూటీలో ఉన్నప్పుడు ఆ రాడ్లు తుడిచిన తుడుపుకే మెరిసేవని పాత డ్రైవర్లు చెప్పారు. అలాగే రుద్ది గ్రీజు పూశాం.

9,200 నష్టం మాత్రం మా తప్పు. జులైలో ముసురు పట్టిన రోజున తొందరపడి రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా అసలు రంగు కింద వేసే పూత) కొట్టించాం. చెమ్మ మీద అది పట్టలేదు, వారానికే పెచ్చులు లేచింది. మళ్లీ గోకించి, ఎండ చూసుకుని వేయించాం.

బాయిలర్ మీది రేకు ఎందుకు విప్పలేదని అడిగినవారికి ఒక మాట. ఆ కాలంలో వేడి పోకుండా బాయిలర్‌కు ఆస్బెస్టాస్ చుట్టేవారు. ఆ ధూళి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. పిల్లలు ఆడుకునే చోట, తెలిసినవాళ్లు లేకుండా దాన్ని కదిలించే సాహసం చేయం.

మొత్తం ఖర్చు 2,38,780. నిల్వ 42,920 బ్యాంకులో ఉంది. ఇంజన్ మీద రేకుల కప్పు వేయాలి, లేకుంటే ఈ రంగు ఎన్నో వానలు ఆగదు. దానికి ఈ నిల్వ చాలదు. అందాక ఈ డబ్బు ముట్టుకోం. బిల్లులు, పాస్‌బుక్ నకలు ఈ ఆదివారం పొద్దున 8 నుంచి 11 గంటల దాకా పార్కు గేటు దగ్గర బల్ల మీద ఉంటాయి.