ఇసుక మేటల కింది పొలాల గురించి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి నమస్కారములు.

2023 జులై 27న మోరంచవాగు పొంగి జయశంకర్ భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచెత్తినప్పుడు, ఇళ్ల పైకప్పులెక్కిన జనాన్ని హెలికాప్టర్లు, పడవలు కాపాడిన సంగతి తమకు తెలిసిందే. అదే రోజుకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. ప్రాణాలు కాపాడడంలో చూపే చురుకుదనాన్ని నేను తక్కువ చేయడం లేదు. నేను రాస్తున్నది వరద తీసిన తర్వాతి రోజుల గురించి. బియ్యం, దుప్పట్లు తొలి వారంలో చాలినన్ని వస్తాయి (కొన్ని ఊళ్లలో దుప్పట్ల కన్నా ఫొటోలే ఎక్కువ). పొలం మాత్రం ఇసుక కిందే ఉండిపోతుంది.

2022-26 కాలపు విపత్తు సహాయ నిబంధనల ప్రకారం, మూడంగుళాలకు మించి మేట వేస్తే చిన్న, సన్నకారు రైతుకు హెక్టారుకు 18,000 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించారు. మోకాలి లోతు మేట వేసిన చోట అది జేసీబీ కిరాయికే చాలదు. పైగా మా వాగు ఒడ్డున అప్పు తెచ్చి, నారు పోసి, నాటు వేసింది కౌలు రైతు కాగా, పాసుపుస్తకం పట్టాదారు పేరున ఉన్నందున పరిహారం కూడా ఆయన ఖాతాకే చేరుతుంది.

కనుక నష్టం నమోదు చేసేటప్పుడు సాగుదారు ఎవరో గ్రామసభలో, చుట్టుపక్కల రైతుల ఎదుట నిర్ధారించి, ఆ జాబితాను పంచాయతీ గోడకు అంటించి, అభ్యంతరాలు విన్నాకే ఖరారు చేయించవలసిందిగా కోరుతున్నాను. మేటల తొలగింపును యాసంగి నార్లు పోసేలోగా ప్రభుత్వ యంత్రాలతోనే చేయించగలరు.

ఇట్లు,
వాగు ఒడ్డు గ్రామ రైతు