వంటమనిషిని సస్పెండ్ చేసేముందు సూక్ష్మజీవిని పట్టుకోండి

సంపాదకులకు నమస్కారం.

హాస్టల్ పిల్లలు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రిలో చేరారన్న వార్త మన రాయలసీమ జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తుంది. మొదటిరోజు సెలైన్ సీసాల ఫొటో, రెండోరోజు అధికారుల పరామర్శ, మూడోరోజు వంటమనిషి మీదో వార్డెన్ మీదో వేటు. 'కలుషిత ఆహారమే కారణం' అన్న ఒక్క వాక్యంతో ఫైలు మూతపడుతుంది. ఏ పదార్థం, ఏ సూక్ష్మజీవి, అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఎవరూ అడగరు. మన్నించాలి, మీ విలేఖరులూ అడగరు.

సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా దొరికిందని ల్యాబ్ చెప్పినంత మాత్రాన దోషి తేలినట్టు కాదు. అందులో 2,500కు పైగా సీరోటైపులు (పైపొర లక్షణాలను బట్టి విడదీసిన రకాలు) ఉన్నాయి, ఒక్కో సీరోటైపులో మళ్లీ ఎన్నో వంశాలు. పిల్లవాడి మలంలో ఉన్నదీ, వంటింట్లోనో నీళ్ల ట్యాంకులోనో దొరికినదీ ఒకే వంశానివా, కావా అన్నది తేల్చడానికి జన్యు పరీక్ష కావాలి.

1993లో అమెరికాలో హాంబర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. రోగుల్లోని ఈ.కోలై అనే బ్యాక్టీరియా, మాంసంలోని ఈ.కోలై ఒకటేనని డీఎన్ఏ చారలను పోల్చి నిరూపించారు. ఎంజైముతో డీఎన్ఏను ముక్కలు చేసి, జెల్‌లో కరెంటు పెట్టి లాగితే పెద్ద ముక్కలు వెనక, చిన్నవి ముందు నిలిచి చారలుగా కనిపిస్తాయి. ఆ పద్ధతి ఆధారంగానే 1996లో అక్కడి ప్రయోగశాలలు పల్స్‌నెట్ పేరుతో ఒక్కటవడం మొదలైంది. ఆ చారల పద్ధతికో లోపం ఉంది. గుడ్ల ద్వారా వచ్చే సాల్మొనెల్లా ఎంటరైటిడిస్‌లో వేర్వేరు వంశాలు కూడా ఒకేలాంటి చారలు చూపిస్తాయి. అందుకే 2019 నాటికి పల్స్‌నెట్ మొత్తం జన్యుక్రమాన్ని చదివే పద్ధతికి మారింది. సాల్మొనెల్లా జన్యుక్రమంలో దాదాపు 48 లక్షల డీఎన్ఏ అక్షరాలు. రెండు నమూనాల మధ్య వాటిలో ఎన్ని తేడాలున్నాయో చూస్తే ఎంత దగ్గరి చుట్టాలో తెలిసిపోతుంది.

పరీక్ష పూర్తికాకముందే వేలు చూపితే ఏమవుతుందో 2011లో జర్మనీ చూసింది. దాదాపు 4,000 మంది జబ్బుపడి, 50 మందికి పైగా మరణించిన ఆ ఉపద్రవంలో మొదట నిందపడింది స్పెయిన్ కీరదోసకాయల మీద. రైతులు పంటను పారబోసుకున్నారు. తీరా ఆ కాయల మీది ఈ.కోలై రోగుల్లో ఉన్న రకమే కాదు. చివరికి మెంతి మొలకలని తేలింది. అదైనా ఎవరు ఎక్కడ ఏం తిన్నారో ఓపికగా రాసుకుని పోల్చబట్టే. జన్యు పరీక్ష ఉన్నా ఆ విచారణ తప్పదు.

మన దగ్గర అధికారులు వచ్చేసరికి గిన్నెలు కడిగేసి ఉంటాయి. పిల్లలకు యాంటీబయాటిక్ పడిపోతుంది, ఆ తర్వాత మలం నమూనాలో క్రిమి పెరగకపోవచ్చు. ఒకవేళ పెరిగినా రిపోర్టు ఇచ్చాక ఆ కల్చర్‌ను, అంటే ల్యాబ్‌లో పెంచిన క్రిములను పారేస్తే రేపు పోల్చడానికి ఏమీ మిగలదు. ఆదోనిలో ఒక హాస్టలుకూ, గుంతకల్లులో ఒక బడికీ ఒకే కోళ్లఫారం గుడ్లు వెళ్లి, రెండుచోట్లా ఒకే వారంలో పిల్లలు జబ్బుపడ్డారనుకోండి. జిల్లాలు వేరు, ఫైళ్లు వేరు. ఇద్దరు వంటమనుషుల ఉద్యోగాలు పోతాయి, గుడ్లు మాత్రం వస్తూనే ఉంటాయి.

యంత్రాలు లేవనే సాకు చెల్లదు. కొవిడ్ కాలంలో వైరస్ జన్యుక్రమాలు చదివిన జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడే కాకపోయినా, ఆ సౌకర్యమున్న ఏదో ఒక సంస్థతో ప్రభుత్వం ఒప్పందం చేసుకోవచ్చు. ముందుగా కావలసింది చవకైన పనులే. వండిన ప్రతి పదార్థంలోంచి కొంత తీసి, తేదీ రాసి ఫ్రిజ్‌లో ఉంచాలి. తిన్న కొద్ది గంటలకే వాంతులు మొదలైతే అది తిండిలోనే తయారైన విషం కావచ్చు, అప్పుడు మలం కన్నా ఆ తిండే ముఖ్యం. చికిత్స ఆపకుండానే, యాంటీబయాటిక్ ఇచ్చేముందు నమూనా తీయాలి. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ వైద్య కళాశాలలు తమ ల్యాబుల్లో పెరిగిన ప్రతి కల్చర్‌నూ మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో భద్రపరిచి, ఆ జాబితాను ఒకరితో ఒకరు పంచుకోవాలి.

ఈ పనికి ముగ్గురు కలెక్టర్లు కలిసి ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు. అంతవరకు వంటమనిషి మీద వేటు పడిందన్న వార్త వచ్చినప్పుడల్లా, ల్యాబ్ రిపోర్టు ఏమైందో దాని పక్కనే ఒక వాక్యం అచ్చువేయమని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత మైక్రోబయాలజీ అధ్యాపకుడు,
కర్నూలు