నిన్నటి సంగతి చెప్పిన పిల్ల

శ్రీకాకుళం,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన దివాణంగారికి,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా బదులు రాస్తున్నందుకు ముందుగా నన్ను క్షమించాలి. ఇక్కడ అందరమూ క్షేమమే. నాన్నగారి మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది, పెద్దవాడు పదో తరగతికి వచ్చాడు. కుశల ప్రశ్నలు ఇక్కడితో ఆపేస్తున్నాను, ఎందుకంటే గురువారం సాయంత్రం నుంచి ఒక సంగతి గొంతు దాకా వచ్చి నిలిచి ఉంది, అది నీకు చెబితే గాని నాకు స్థిమితం ఉండదు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మా భవిత కేంద్రానికి కళింగపట్నం వైపు మత్స్యకారుల ఊరి నుంచి ఒక పాప వస్తోందని ఇదివరకే రాశాను కదా. నాలుగేళ్ళు నిండాయి, పుట్టుకతోనే చెవుడు. తండ్రి మన తీరంలో వందలాది మందిలాగే గుజరాత్‌లోని వేరావల్‌కు వెళ్ళి, అక్కడి పడవల మీద కూలికి చేపలు పట్టి, ఎండాకాలంలో ఇంటికొస్తాడు. కూతురు పలకకపోతే తల్లి గాబరా పడింది గాని, "వాళ్ళ అయ్యకీ మాటలు లేటుగానే వచ్చాయి, నువ్వు బెంగపెట్టుకోకు" అని నానమ్మ కొట్టిపారేసింది. వెనక నుంచి పళ్ళెం మోగిస్తే పాప తిరిగి చూసిందట, ఇంకేముంది, చెవులు బాగానే ఉన్నాయనుకున్నారు. నేల అదిరినా, నీడ కదిలినా పిల్లలు తిరుగుతారని వాళ్ళకు ఎవరు చెప్పారు గనక! తీసుకెళ్ళిన ఒక డాక్టరు ఐదేళ్ళ దాకా చూద్దాం, అప్పటికీ మాట రాకపోతే ఆలోచిద్దాం అన్నాడట. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. భాష పట్టుబడే వయసంతా ఆ ఐదేళ్ళలోనే కదా ఉన్నది!

వినికిడి యంత్రాలు వచ్చాయి. అయితే యంత్రం పెట్టగానే పిల్ల మనలాగా వింటుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదని నాకంటే ఆ తల్లికే బాగా తెలుసు. ప్రతి ఉదయం పాప వెనక కూర్చుని, కాస్త ఆగి ఆగి ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అని ఆరు ధ్వనులు పలుకుతుంది. వినబడిన ప్రతిసారీ పాప ఒక గవ్వను పాలడబ్బాలో వేయాలి. ఆ అనగానే గవ్వ పడుతుంది, ఊ కీ మ్ కీ పడుతుంది, ఈ కి కాసేపు తటపటాయిస్తుంది, ష్ దగ్గరికీ స్ దగ్గరికీ వచ్చేసరికి గవ్వ చేతిలోనే ఉండిపోతుంది. పై స్థాయి ధ్వనులు యంత్రంతో కూడా ఆమెను చేరడం లేదన్నమాట. ఆ ఆరింటితో మాట్లాడే స్వరాల పరిధి అంతా దాదాపు తడిమి చూడవచ్చు గనక, యంత్రం ఆ రోజు పనిచేస్తోందో లేదో కూడా అక్కడే తెలిసిపోతుంది. ఉప్పుగాలికీ చెమటకూ గొట్టంలో నీరు పట్టి యంత్రం మూగబోతే, గవ్వలు చూసే తల్లి పట్టేస్తుంది. రాత్రి సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో దాచడం, చెవి పెరిగి, చెవి రంధ్రంలో పెట్టే మోల్డు అచ్చు వదులై కీచుమంటే కొత్తది చేయించడం, బొత్తాం బ్యాటరీలు కొనడం, అన్నీ ఆమె మీదే. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, వినికిడి ఎంతుందో గీసి చూపే ఆడియోగ్రాం కాగితాన్ని మన పంచాంగం చదివినంత సులువుగా చదువుతుంది.

పెదవులు చూసి గ్రహించవచ్చు కదా అని నువ్వు అనబోతావని తెలుసు. అద్దం ముందు నిలబడి గొంతు బయటికి రాకుండా పాట, బాట, మాట అని చూడు, మూడింటికీ పెదవులు ఒక్కలాగే కదులుతాయి. అందుకే మొదటి నుంచీ నేను సైగల భాష కూడా నేర్పుతాను. ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా కేంద్రం 2015లో మొదలైంది, దాని నిఘంటువు 2021 నాటికి పదివేల పదాలకు చేరింది, వీడియోలన్నీ ఫోనులో దొరుకుతాయి. పాప తల్లి రాత్రి వంట అయ్యాక రోజుకు కొన్ని చొప్పున చూసి, మర్నాడు పిల్లతో వాడుతుంది. నానమ్మకు మాత్రం ఇది సుతరామూ ఇష్టం లేదు. "సేతులాడిస్తే గుంటకి మాటొస్తాదేటి మేస్టారూ? ఉన్నదీ పోద్ది" అని నా ఎదుటే అంది. ఈ భయం ఆవిడ ఒక్కతెదే కాదు, చదువుకున్నవాళ్ళకూ ఉంది. చేతులతో భాష వచ్చిన పిల్లలు నోటి మాటకు దూరం కారు. ఏ భాషా అందకుండా ఏళ్ళు గడిస్తేనే ఆ పిల్లలకు ఆలోచన అల్లుకోవడం కూడా కష్టమవుతుంది.

ఇప్పుడు గురువారం సంగతి. సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి పడవ రేవుకు చేరిందని వేరావల్ నుంచి వీడియో కాల్ వచ్చింది. లోతు సముద్రంలో సిగ్నల్ ఉండదు గనక రేవుకు వచ్చినప్పుడే అతను పిలవగలడు. మునుపు ఇలాంటి వేళ తల్లి ఫోను పాప చెవికి ఆనించేదట, పిల్ల విసుక్కుని తోసేసేదట, అవతల అతను కాసేపు పేరు పెట్టి పిలిచి పిలిచి ఊరుకునేవాడట. ఇప్పుడు తల్లి ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టింది. పాప చేతులు తుడుచుకుని దాని ముందు కూర్చుంది. మొదట మీసం దువ్వి నాన్న అంది, ఆయన నవ్వాడు. ఆ తర్వాత అరచేతిని భుజం మీదుగా వెనక్కి తోసింది. నిన్న అని!

దివాణం, ఆ ఒక్క సైగ దగ్గర నాకు ఊపిరి ఆగినంత పనైంది. అంతవరకూ ఆ పిల్ల నోటా చేతా వచ్చినవన్నీ ఎదురుగా ఉన్నవాటి గురించే, పాలు, బంతి, ఇవ్వు, వద్దు. కంటికి కనబడని దాన్ని, గడిచిపోయిన దాన్ని ఎదుటివాడి మనసులో నిలబెట్టడం వేరే మెట్టు. ఆ మెట్టు ఎక్కిన పిల్లకు రేపు కథ అర్థమవుతుంది, లెక్క అర్థమవుతుంది, పుస్తకం అర్థమవుతుంది.

ఇక చెప్పడం మొదలుపెట్టింది చూడు! అరచేతిని చేపలా ఆడించి, వేళ్ళు విప్పి చాపంతా పరిచింది, అంటే ఎండబెట్టిన నెత్తళ్ళు. కుక్క వచ్చింది. మూతి పెట్టింది. పరుగెత్తింది. అప్పుడు బుగ్గలు లోపలికి లాక్కుని, నడుం వంచి, పక్కనున్న చీపురు చేతబట్టి నానమ్మ అయిపోయింది. నానమ్మ పరుగు, కుక్క పరుగు, నానమ్మ ఇసుకలో దబ్బుమని పడడం, చీర దులుపుకోవడం, అటూ ఇటూ ఎవరైనా చూశారా అని చూడడం! వేరావల్‌లో అతని వెనకాల నిలబడ్డ మనుషులు కూడా పగలబడి నవ్వుతున్నారు.

గుమ్మం దగ్గర వల బాగుచేస్తున్న అసలు నానమ్మ ఇది చూసి ఊరుకుంటుందా? వల పక్కన పడేసి వచ్చి, ఫోనుకు అడ్డంగా నిలబడి, పాపకేసి తిరిగి, పడలేదు అని రెండు చేతులూ అడ్డంగా ఊపింది. పాప పడ్డావు అంది. ఆవిడ లేదు, కూర్చున్నాను అంది. అదీ చేతులతోనే, ఒక్క మాట కూడా పైకి అనకుండా! ఎప్పుడు నేర్చుకుందో కోడలికీ తెలియదు, నాకూ తెలియదు. పాప తగ్గలేదు, మళ్ళీ మొదటి నుంచి పడి చూపించింది. సాక్ష్యానికి నన్ను పిలిచారు గాని, నేను ఎటూ మొగ్గు చూపలేదు.

చివర పాప నాన్న, రావడం, ఎప్పుడు అని అడిగింది. సైగల భాషలో ప్రశ్న మాట చివరకొస్తుంది, కనుబొమలు కూడా ప్రశ్నకు తోడవుతాయి, అవన్నీ సరిగ్గానే వచ్చాయి. అతను బదులు చెప్పలేక తడబడ్డాడు. నేర్చుకుంటాను, వచ్చే లోపల నేర్చుకుంటాను మేస్టారూ అన్నాడు. భార్య రోజుకు రెండు సైగల వీడియోలు తీసి అతనికి పంపుతానంది. నేను బయటికి వచ్చి కళ్ళు తుడుచుకున్నాను, నీ దగ్గర దాపరికం ఏముంది.

సంతోషంతో పాటు బాధ కూడా ఉంది. ఈ పిల్లకే మూడో నెలలో తెలిసి ఉంటే? ప్రపంచమంతా ఇప్పుడు చెప్పే లెక్క ఇది, నెల లోపు పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు సాయం మొదలు. కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం 1998లో ప్రచురించిన పరిశోధనలో, ఆరు నెలల లోపు చెవుడు బయటపడిన పిల్లలు భాషలో ఆ తర్వాత బయటపడిన వాళ్ళ కంటే స్పష్టంగా ముందున్నారు. మన దగ్గరా 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది, పుట్టు చెవుడు ఆ జాబితాలో ఉంది. జాబితా నుంచి ఆ తీరపు గుమ్మం దాకా రావడమే... సరే, దాని గురించి మొదలుపెడితే ఇంకో ఉత్తరం అవుతుంది.

అసలు నీకు ఇవాళే రాయడానికి ఇంకో కారణం ఉంది. మీ చెల్లాయి బిడ్డకు పుట్టగానే పచ్చకామెర్లు బాగా ఎక్కువై, నవజాత శిశువుల విభాగంలో చాలా రోజులు ఉంచారని రాశావు. దయచేసి వినికిడి పరీక్ష చేయించు. అక్కడ ఓఏఈ అనే చెవి పరీక్ష బాగానే వచ్చిందని అంటే దానితో ఆగవద్దు. అది లోపలి చెవి సంగతే చెబుతుంది, అక్కడి నుంచి మెదడుకు వెళ్ళే నరం సంగతి చెప్పదు, కామెర్లు ముదిరినప్పుడు దెబ్బతినేది ఆ నరమే కావచ్చు. బిడ్డ నిద్రలో ఉండగా తలకు చిన్న తీగలు అంటించి చేసే బెరా పరీక్ష అడుగు, నొప్పేమీ ఉండదు. చప్పట్లకు తిరుగుతున్నాడు కదా అని మీ అమ్మగారు అంటే పాప నానమ్మ పళ్ళెం కథ చెప్పు. ఏమీ లేదని తేలితే అంతకంటే ఏం కావాలి! ఒకవేళ ఉందని తేలితే మాత్రం ఆ రాత్రే నాకు ఫోను చెయ్యి, నేను మొదటి రైలుకే విజయనగరం వస్తాను, చెల్లాయితో నేను మాట్లాడతాను, ఎందుకంటే మొదట్లో తల్లులు తప్పంతా తమదే అనుకుంటారు, మేనరికం వల్లనో, గ్రహణం వల్లనో అని రాత్రంతా...

పక్కింటి కుర్రాడు మీ ఊరికే వెళ్తున్నాడు, ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను, గేటు దగ్గర నిలబడి తొందరపెడుతున్నాడు. బెరా సంగతి మరిచిపోవద్దు, రిపోర్టు ఫోటో తీసి పంపు.

నీ,
అటుకుల మేస్టారు