అడిగినందుకు థాంక్స్ మేడమ్

మా కాలేజీ ఇంగ్లీష్ మేడమ్‌కి, పక్కింటి అత్తకి, మా ఊళ్లో నర్సుగా చేసే ఏఎన్ఎం అక్కకి ఎదురుగా థాంక్స్ చెబుదామంటే నోరు రాలేదు. నిన్న అమ్మ కువైట్ నుంచి ఫోన్ చేసి "చెప్పావా లేదా వాళ్లకి?" అని మళ్లీ అడిగింది. అందుకే రాస్తున్నా.

మాది అమలాపురం దగ్గర ఊరు. అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్లి ఆరేళ్లయింది. ఇంట్లో నేను, అమ్మమ్మ. నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా అమ్మమ్మకి మతిమరుపు మొదలైంది. ముందు పొయ్యి మీద పాలు మర్చిపోయేది. తర్వాత, ఒకటో తారీఖున వచ్చిన పింఛను డబ్బులు నేను తినేశానని వీధిలోకెళ్లి అరిచింది. డబ్బులు బియ్యం డబ్బాలో దొరికాయి. గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, 1996 తుఫాను మళ్లీ వచ్చేసిందని చీరలు, గిన్నెలు మూటగట్టి "బడికాడికి పోదాం పదరా" అంటుంది. అప్పట్లో పిల్లల్ని తీసుకుని బడి డాబాలోనే తలదాచుకుందట.

ఒక సాయంత్రం నేను ఇంటికొస్తే గుమ్మంలో నిలబడి, "ఎవరండీ? మా మనవడు ఇంకా రాలేదండీ, ఆయ్, కూర్చోండి" అంది. మంచినీళ్లు కూడా ఇచ్చింది. తాగి గ్లాసు తిరిగిచ్చాను.

రాత్రి రెండింటికి గడియ తీసుకుని వెళ్లిపోయేది. నిద్రలేదు, కాలేజీ లేదు. ఊళ్లో మాత్రం నా గురించి ఒకటే మాట, "ఖాళీగా ఇంట్లో పడుంటున్నాడు." ఆడపిల్లనైతే "పాపం, అమ్మమ్మని చూసుకుంటోంది" అనేవాళ్లేమో.

మేడమ్, అటెండెన్స్ తగ్గిందని ఫారం పట్టుకొస్తే అందరూ "ఎందుకు రావట్లేదు?" అన్నారు. మీరు నా చొక్కా మీద పసుపు మరక చూసి "ఇంట్లో వంటెవరు చేస్తారు?" అన్నారు. నేనే అన్నాను. "ఇంకేం చేస్తావు?" అన్నారు. చెప్పడానికి పావుగంట పట్టింది. ఇంగ్లండ్‌లో ఇలా ఇంట్లోవాళ్లని చూసుకునే 18 ఏళ్లలోపు పిల్లల్ని 'యంగ్ కేరర్స్' అంటారని, వాళ్లకేం సాయం కావాలో అక్కడి కౌన్సిల్ కనుక్కోవాలని 2014లోనే చట్టం వచ్చిందని మీరే చెప్పారు. నాకు 19 దాటాయి కానీ, మొదలైనప్పుడు 17. ఈ పనికి ఒక పేరుందని అప్పుడే తెలిసింది.

వయసు మీద పడితే మతిమరుపు మామూలేలే అని రెండేళ్లు గడిపేశాం. మీరు పట్టుబట్టి కాకినాడ పంపితే అక్కడి డాక్టరు గారు బి12, థైరాయిడ్ పరీక్షలు, స్కానింగ్ చేయించి అల్జీమర్స్ అన్నారు. తుఫాను లేదని వాదించొద్దన్నారు, చీకటి పడకముందే ఇంట్లో లైట్లన్నీ వేయమన్నారు. ఇప్పుడు అమ్మమ్మ మూట కడితే "బడి తలుపు ఇంకా తీయలేదంట, టీ తాగి పోదాం" అంటున్నా. టీ అయ్యేసరికి చాలాసార్లు మర్చిపోతుంది. అన్నిసార్లూ కాదు.

మొన్న వానాకాలంలో రెండు రోజుల్లోనే మనిషి పూర్తిగా మారిపోయింది. గోడ మీద ఎవరో ఉన్నారంటుంది, అన్నం ముట్టదు. ఇంక అయిపోయిందనుకున్నా. ఏఎన్ఎం అక్క మాత్రం "ఈ జబ్బు ఇంత తొందరగా ముదరదు, ఇంకేదో ఉంది, డాక్టరుకి చూపిద్దాం" అంది. యూరిన్ ఇన్ఫెక్షన్. మందులు వాడాక వారంలో పాత అమ్మమ్మ, అంటే పాత మతిమరుపు అమ్మమ్మ, వచ్చేసింది.

అక్కా, మీరిచ్చిన 14416 టెలీ మానస్ నంబర్, అదే మనసు బాగోనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్, అమ్మమ్మ కోసం అనుకున్నా. "నీకేరా" అన్నారు. ఒక రాత్రి ఒంటిగంటకి చేశాను. తెలుగులోనే మాట్లాడారు. అంతకుముందు వారం విసుగులో అమ్మమ్మ చెయ్యి పట్టి లాగితే మణికట్టు దగ్గర నల్లగా కమిలింది. అమ్మకి కూడా చెప్పలేదు. అక్కడ చెప్పాను.

అత్తా, మీ గురించి ఎంత రాసినా తక్కువే. మగపిల్లాణ్ణి, అమ్మమ్మకి స్నానం చేయించి చీర మార్చాలంటే నాకూ సిగ్గే, ఆవిడకీ సిగ్గే. ఏడింటికల్లా వచ్చి ఆ పని చేసేసి, మధ్యాహ్నం దాకా కూర్చుని, "నువ్వు కాలేజీకి పోరా" అని తరిమేస్తున్నారు. మొన్న గాలివానకి అమ్మమ్మతో కలిసి మీరు కూడా మూట కట్టారట, ఆవిడే మురిసిపోతూ చెప్పింది.

మీ స్టీలు క్యారియర్లు రెండూ మా ఇంట్లోనే ఉన్నాయత్తా. ఒకదాని మూత ఏ మూటలోకో వెళ్లిపోయింది. దొరకగానే తెచ్చిస్తాను.