ఒక నూలు ఎక్కువైంది

బరంపురం
ఆదివారం రాత్రి

చిరంజీవి చిన్నాకి, అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. తాతకి మోకాళ్ల నొప్పి తప్ప ఇంకే బాధా లేదు. నాన్న సూరత్ నుంచి మొన్న ఫోన్ చేశారు, మగ్గాలకి సెలవులు ఎప్పుడిస్తారో ఇంకా తెలీదట. నాకే ఊపిరి సలపడం లేదు. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర దగ్గరపడుతోంది కదా, వీధి వీధంతా కొత్త జాకెట్లే. ఒడియావాళ్లూ మనవాళ్లూ అందరూ ‘మావుసీ, నాది ముందు’ అనేవాళ్లే.

రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరమేంటని నవ్వుతావు. నవ్వుకో. ఫోన్‌లో అయితే నేను సగం చెప్పేలోపే నువ్వు ‘పర్లేదులేమ్మా’ అంటావు, నేనూ సరేనని పెట్టేస్తాను. ఈసారి మొత్తం చెప్పాలి. పైగా ఇందులో రెండు కాగితాలు పెట్టాలి. అవి ఫోన్‌లో పట్టవు.

బుధవారం నీ మెసేజ్ చూశాను. గట్టు మీంచి రేడియో రిమోట్‌తో నడిపే నీ మీటరు పడవకి కొత్త డిజైన్ అయిపోవచ్చిందని, పాతదాన్ని పక్కింటి పిల్లాడికి ఇచ్చెయ్యమని రాశావు. పాతది 21 సెంటీమీటర్ల వెడల్పు, కొత్తది 17. పాతదాన్ని ‘గంగాళం’ అన్నావు కూడా. కనుమనాడు తంపరా చెరువు పందేల్లో ఓడిపోయింది ఆ వెడల్పు వల్లేనని నీ లెక్క.

చిన్నా, ఆ రోజు ఓడిపోయింది పడవ వల్ల కాదు. నా వల్ల.

సంక్రాంతి రాత్రి, పడవ ముందు తెరచాప తలుపు గొళ్లేనికి తగిలి చిరిగింది, గుర్తుందా? ఆ ప్లాస్టిక్ ఫిల్మ్ గుణమే అంత, చిన్న గాటు పడితే చాలు, చర్రున చిరిగిపోతుంది. నువ్వు దానికి టేపు అంటించి, ‘ఇది చాల్లే’ అని పడుకున్నావు. నాకు నిద్ర పట్టలేదు. పండగపూట మావాడు అతుకుల చాపతో పందేనికి వెళ్లడమేంటి అనిపించింది. డబ్బాలో ఫిల్మ్ ముక్క మిగిలుంది, రెండువైపులా అంటుకునే టేపు ఉంది. పదకొండింటికి లైటు వేసి కూర్చున్నాను. ఒంటిగంటకి కొత్త చాప తయారు. పొద్దున్న దాన్ని చూసి నువ్వు నన్ను పట్టుకుని తిప్పేశావు.

అసలు సంగతి ఆ చాపలోనే ఉంది. మొదటిసారి మనిద్దరం చాపలు చేసినప్పుడు నువ్వు నాకొక విషయం చెప్పావు. చాప చదునుగా ఉంటే పనికిరాదు, గాలికి కొంచెం పొట్ట ఉబ్బాలి, ఆ పొట్ట వల్లే లాగుడు పుడుతుంది అని. చదును ఫిల్మ్‌కి పొట్ట ఎలా వస్తుందిరా అంటే, మూడు ముక్కలుగా కోసి, అంచుల్ని కాస్త వంపు తిప్పి అతికిస్తే వస్తుందన్నావు. నేను పకపకా నవ్వాను. అది ప్రిన్సెస్ కట్ కాదూ! మడిచి కుట్టే డాట్లు లేకుండా జాకెట్టుకి ఆకారం వచ్చేది అలాగే. రెండు చదును గుడ్డలు, రెండూ వంపు అంచులవి, కుట్టేసరికి గుండ్రం తేలుతుంది. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే. ఆ గర్వమే కొంప ముంచింది.

నువ్వు చెప్పిన వంపు ఒకటిన్నర మిల్లీమీటరు. అంత చిన్న కొలతని మొదటిసారి నువ్వే స్టీలు స్కేలుతో గీశావు. ఆ రాత్రి స్కేలు నీ బ్యాగులో ఉంది, బ్యాగు నీ తలకింద ఉంది. నా కొలత టేపు మీద మిల్లీమీటరు గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. జాకెట్లలో పావు ఇంచికి తక్కువ లెక్కే మాకుండదు. చాప కదా, సన్నగా ఇద్దామని కంటి అంచనాతో ఒక నూలు ఇచ్చాను. తాత చెప్పే వడ్రంగి లెక్కలో నూలంటే ఇంచిలో ఎనిమిదో వంతు. నిన్న స్కేలు పెట్టి చూస్తే మూడు మిల్లీమీటర్ల పైనే. నువ్వు చెప్పినదానికి రెట్టింపు. అదీ ఒక అతుకులో కాదు, ప్రతి అతుకులో.

ఆ రోజు చెరువు గట్టు మీద ఏం జరిగిందో నేను దగ్గర్నుంచి చూశాను, మార్కులు రాసింది నేనే కదా. ఆరు పడవలు. మొదట వచ్చినదానికి 1, రెండోదానికి 2, చివరికి ఎవరికి తక్కువుంటే వాళ్లు గెలిచినట్టు. నీవి 5, 6, 4, 6, 5. ఎదురుగాలికి పడవ నేరుగా పోలేదు, అటొకసారి ఇటొకసారి వాలుగా ఎక్కాలి. మిగతావన్నీ గాలికి దగ్గరగా ముక్కు పెట్టి ఎక్కుతుంటే నీది పక్కకి జారిపోతోంది. నువ్వు ముక్కు పైకి తిప్పినప్పుడల్లా ముందు చాప అంచు పటపటలాడింది. ఇంకో గుర్తు కూడా కనిపించింది. పెద్ద చాప, స్తంభం పక్కన, లోపలికి గుంట పడి కొట్టుకుంటోంది. ముందు చాపకి పొట్ట ఎక్కువైతే దాని వెనక అంచు గాలిని తీసుకెళ్లి పెద్ద చాప వీపు మీద కొడుతుంది. అప్పుడు నాకు ఇదంతా తెలీదు. నువ్వు స్తంభం వంగిందనుకుని తాడు ఇంకా లాగావు. లాగేకొద్దీ పడవ నిలబడిపోయింది. మూడో పందెంలో ఒక ఎర్ర పడవకి కుడివైపు నుంచి గాలి తగులుతోంది, అలాంటప్పుడు ముందు వెళ్లే హక్కు దానిదే. నీది తప్పుకోలేక తగిలింది, దానికి శిక్షగా గుండ్రంగా ఒక చుట్టు తిరగాల్సొచ్చింది. అప్పుడు నీ మొహం చూడలేక పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను.

తాత మాత్రం మొదటి పందెంలోనే కనిపెట్టాడు. ఆయనకి రేడియో పడవ తెలీదు, మీ మీటరు పడవల పందేల ‘ఒన్ మీటర్’ తరగతి తెలీదు, నలభై ఏళ్లు గోపాలపురం సముద్రంలో తెరచాప ఎత్తినవాడు. నా చెవి దగ్గరికి వచ్చి, ‘అమ్మా, ముందు చాపకి పొట్ట ఎక్కువైంది’ అన్నాడు. ‘ఊరుకోండి మావయ్యా, వాడు వింటాడు’ అన్నాను. ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. రెండు నెలలు.

నువ్వు వెళ్లాక పడవని బీరువా మీద గోడవైపు తిప్పి పెట్టావని గమనించాను. రోజూ ఆ గదిలోనే కుడతాను కదా, కనిపిస్తూనే ఉండేది. చెబుదామంటే, నువ్వు కొత్త డిజైన్ హుషారులో ఉన్నావు. ఇక బుధవారం నువ్వు ఇచ్చెయ్యమన్నాక లోపల కూర్చోలేకపోయాను.

ఈ పొద్దున్న జాకెట్లన్నీ పక్కనపెట్టి బుజ్జిగాణ్ణీ తాతనీ తీసుకుని బస్సెక్కాను. ఛత్రపురంలో దిగి చెరువుకి చేరేసరికి పదిన్నర. సముద్రపు గాలి అప్పుడే లేస్తోంది. నువ్వు అతుకు వేసి పక్కన పడేసిన పాత ముందు చాప ఒకసారి, నేను చేసింది ఒకసారి, మార్చి మార్చి కట్టాం. ఒకదాన్నే వరసగా తిప్పితే ఈలోపు గాలి మారితే లెక్క తప్పుతుందని నాకే తోచింది, కావాలంటే మెచ్చుకో. నీళ్లలో తేలే గుర్తులు, ఆ రెండు బోయాల మధ్య ఎదురుగాలికి ఎక్కడం, ఫోన్‌లో టైము చూడటం. నడిపింది బుజ్జిగాడే, వాడికి నీ అంత చెయ్యి తిరగలేదు, అయినా రెండు చాపలకీ అదే చెయ్యి కదా. పాత చాపతో 92, 95, 90 సెకన్లు. నాదాంతో 108, 112, 105. రెండుసార్లు కీల్‌కి, అదే పడవ అడుగు రెక్కకి, నాచు చుట్టుకుంది, అవి లెక్కలోకి తీసుకోలేదు. 42 సెంటీమీటర్ల లోతుకి దిగే కీల్ అది, తంపరా నాచు మొత్తాన్నీ ఏరుకొస్తుంది.

పాత చాప కట్టినప్పుడు పెద్ద చాప స్తంభం పక్కన నున్నగా నిలబడింది. గుంట లేదు, కొట్టుకోవడం లేదు. గాలి పోకడ కనిపించేలా జాకెట్టు దారం ముక్కలు చాపకి అంటించాను, నువ్వు చేసినట్టే. రెండువైపులా దారాలు వెనక్కి చక్కగా ఎగిరాయి. తాత గట్టు మీద పడవతో సమానంగా నడవబోయాడు. మీటరు పడవ మామూలుగా గంటకి 4.5 కిలోమీటర్లు దాటదు, తన అలలో తనే ఇరుక్కుంటుంది, అంటే మనిషి నడక అంతే అని నువ్వు చెప్పింది ఆయన గుర్తుపెట్టుకున్నాడు. పాత చాపతో పడవ ఆయన్ని దాటేసింది. ‘మోకాళ్లురా, లేకపోతేనా’ అన్నాడు.

అందుకే ఆ పడవని గంగాళం అనకు. దాన్ని నువ్వు ఎలా చేశావో చూసినదాన్ని. వంటింటి గచ్చు మీద అట్ట ఫ్రేములు నిలబెట్టి బాల్సా అనే తేలిక కర్ర పట్టీలు ఒక్కొక్కటీ అతికిస్తుంటే తాత చూసి, ‘మా పడవలకి పక్కటెముకలే ఉండవురా, పలకకి పలక కొబ్బరి తాడుతో కుట్టేసేవాళ్లం, అల కొడితే ఒంగేది, విరిగేది కాదు’ అన్నాడు. ‘అయితే మీరూ టైలర్లే’ అన్నావు నువ్వు. ఆ మాటకి ఆయన ఇప్పటికీ మురిసిపోతాడు, ఎవరొచ్చినా చెబుతాడు.

ఇక సీసం పోత పోసిన రోజు. మీటరు పడవకి సీసమెందుకురా అంటే నువ్వు పీట మీద కూర్చోబెట్టి చెప్పావు. పడవని సగానికి తగ్గిస్తే చాప మీద గాలి తోపు నాలుగో వంతుకి తగ్గుతుంది, బరువు మాత్రం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అందుకే చిన్న పడవ తొందరగా బోర్లా పడుతుంది, బరువంతా లోతుకి దించాలి. నాలుగు కిలోలకి తగ్గకూడని పడవలో కీల్, సీసం కలిపి 2.2 నుంచి 2.5 కిలోలు! తాత పాత వలల గుళ్లు విప్పి ఇచ్చాడు. ప్లాస్టర్ అచ్చు రెండురోజులు ఎండింది కదా అని పోశావు. లోపల తడి మిగిలుందేమో, సీసం చిటపటమని ఎగిరి తాత పంచె మీద పడింది. చిల్లులు ఇప్పటికీ ఉన్నాయి, ఆ పంచె పారెయ్యనివ్వడు. చల్లారాక కూరగాయలబ్బి త్రాసు అడిగి తూస్తే, కీల్‌తో కలిపి 2 కిలోల 610 గ్రాములు. మూడురోజులు ఆకురాయి పట్టావు. తీరా చూస్తే అంత బరువున్న సీసం ముద్ద మన పెద్ద టీ గ్లాసులో పట్టేంత.

ఈ ఒన్ మీటర్ తరగతి నియమాలు 1988లో పుట్టాయని, డొక్కులో కార్బన్ ఫైబర్ వాడకూడదని పెట్టింది ఇంట్లో చేసుకునేవాళ్లకి అందుబాటులో ఉండాలనేనని నువ్వు చెప్పావు. ఆ రాసినవాళ్లు మన వంటిల్లు చూసుంటే సంతోషించేవాళ్లు.

కొత్త పడవ వద్దనడం లేదు. చెయ్యి. నీ చదువు అదే. కానీ పాతది ఓడింది కాబట్టి అని మాత్రం చెయ్యకు. సన్నటి పడవ చిరుగాలికి బాగుంటుందేమో, నిటారుగా నిలబడాలంటే సీసం మీదే ఆధారపడాలని నువ్వే అన్నావు. తంపరాలో మధ్యాహ్నం దాటాక గాలి ఎలా ఉంటుందో నీకు తెలుసు. గట్టి గాలికి కట్టే చిన్న చాపలు, ఆ ‘బి’ సెట్టు, మనం ఇంకా చెయ్యనేలేదు. ముందు పాతదాన్ని సరైన చాపతో ఒక్కసారి నడిపి, ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చో. ఇది అమ్మ మాట కాదు, టైలరు మాట. ఒంటికి సరిపోలేదని మనిషిని మార్చం కదా.

ఈ ఉత్తరంతో రెండు కాగితాలు పెట్టాను. ఒకటి నీ పాత చాప అతుకు, రెండోది నాది, పెన్సిలుతో గీసి తెచ్చినవి. ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి ఎత్తి చూడు, ఎంత తేడానో.

సెలవులకి వచ్చేటప్పుడు ఫిల్మ్ రెండు మీటర్లు పట్టుకురా. అక్కడ డ్రాయింగ్ సామాన్ల కొట్లో దొరుకుతుందన్నావుగా. టేపు ఆరు మిల్లీమీటర్లది, వెడల్పుది వద్దు. నాకొక స్టీలు స్కేలు కూడా, నా సొంతానికి, తలకింద పెట్టుకోనిది. యాత్ర పని అయిపోయుంటుంది అప్పటికి, మిషను ఖాళీగానే ఉంటుంది.

పక్కింటి పిల్లాడు రెండుసార్లు వచ్చి అడిగాడు. చిన్నా అన్నయ్య వచ్చాక అన్నాను. పడవని బీరువా మీద నుంచి దించి, కీల్‌కి పట్టిన నాచు కడిగి, ముక్కు ఇటువైపు తిప్పి పెట్టాను. ఎవరికీ ఇవ్వలేదు.

వేళకి తిను.

ఇట్లు,
అమ్మ