చైనా సైన్యంలో ప్రక్షాళన మనకు ఊరట కాదు

సంపాదకులకు,

చైనా సైన్యంలో ఉన్నతాధికారులను తొలగిస్తూ సాగుతున్న ప్రక్షాళనతో యుద్ధ ముప్పు తగ్గిందనే వాదనతో నేను ఏకీభవించను. 2023 జులైలో క్షిపణి దళాధిపతిని మార్చి, నౌకాదళం నుంచి వాంగ్ హౌబిన్‌ను తెచ్చారు. అక్టోబరులో రక్షణ మంత్రి లీ షాంగ్‌ఫూను తొలగించారు. ఇలాంటప్పుడు భారీ దాడి సన్నాహాలు వెనకబడతాయి, నిజమే. కానీ పదవీ భయంలో ఉన్న అధికారి చేదు నిజాలు పైకి చెప్పడు. సరిహద్దులో వెనక్కి తగ్గే నిర్ణయం సొంతంగా తీసుకోడు. తోపులాట ముదిరేది అక్కడే. 2020 జూన్‌లో గల్వాన్‌ ఘర్షణలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు సహా 20 మంది సైనికులను కోల్పోయాం. అవతల ఎవరు మారినా లద్దాఖ్ సరిహద్దులోని చుషూల్–మోల్డో వద్ద ఇరు సైన్యాల అధికారుల భేటీలు, హాట్‌లైన్లు ఆగకూడదు. కొత్త కమాండర్ రాగానే గస్తీ తేదీలు, దారులు, బృందంలో ఎందరుండాలో మళ్లీ రాతపూర్వకంగా ఖరారు చేసుకోవాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్